హైదరాబాదులో ప్రభుత్వ గ్రంథాలయాన్ని పూర్తిగా వాడుకోవడం ఎలా?

సొంత ఇల్లున్నవారు ఆస్తి పన్ను కట్టేటప్పుడు, ఆ పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడతారు. అద్దెకున్నవారు యజమాని చేతిలో పెట్టే అద్దెలో అదీ కలిసే ఉంటుంది. అంటే ఈ నగరంలో ఒక గది తీసుకుని ఉంటున్న ప్రతి మనిషీ గ్రంథాలయానికి ఇప్పటికే చందా కట్టినట్టే. అయినా మనలో చాలా మంది అక్కడికి వెళ్లేది దినపత్రిక చదవడానికో, పరీక్షకు చదువుకునేందుకు ఒక కుర్చీ కోసమో మాత్రమే. ఆ రెండూ మంచి పనులే. కానీ గ్రంథాలయంలో ఉన్నవాటిలో సగం గోడ మీద రాసి ఉండవు. అడిగితేనే బీరువాలోంచి బయటికి వస్తాయి. పదేళ్లుగా ఈ నగరంలోని గ్రంథాలయాలకు వెళుతూ నేను నేర్చుకున్నది ప్రధానంగా అడగడమే. ఎక్కడ, ఎవరిని, ఎలా అడగాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఇంట్లో చేయవలసిన పని

మీకు ఏం కావాలో ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి. "చదువుకోవాలి" అని రాస్తే లాభం లేదు. "మా అమ్మాయికి మూడో తరగతి స్థాయిలో బొమ్మలున్న తెలుగు కథలు కావాలి", "టైలరింగ్ కొలతలు వివరించే పుస్తకం కావాలి", "గ్రూప్-2 చదవడానికి రోజూ ఆరు గంటలు కూర్చునే చోటు కావాలి", "మా తాతగారి ఊరు పాత జిల్లా గెజిటీర్‌లో ఉందేమో చూడాలి". ఇలా రాసుకుంటే ఏ గ్రంథాలయానికి వెళ్లాలో ఆ వాక్యమే చెబుతుంది.

పిల్లల కథలకు, వారపత్రికలకు, రోజూ గంటసేపు చదువుకు మీ కాలనీకి దగ్గర్లోని శాఖా గ్రంథాలయం చాలు. పోటీ పరీక్షలకు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం. పాత పుస్తకాలు, పాత పత్రికలు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు, ఇంకా ఇతర భాషల పుస్తకాలకు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న ఆ రాతి భవనాన్ని మీరు బస్సులోంచి ఎన్నోసార్లు చూసే ఉంటారు. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో ఈ భవనంలోకి వచ్చింది. ఒక్కసారైనా లోపలికి వెళ్లి ఆ పెద్ద హాల్లో కూర్చోండి. పుస్తకం తీయకపోయినా ఫరవాలేదు, ఆ ఎత్తయిన కప్పు కింద పది నిమిషాలు కూర్చుంటే మళ్లీ రావాలనిపిస్తుంది.

సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ప్రభుత్వానిది కాదు, ఒక సంస్థ నడిపేది. అయినా దాన్ని వదలలేను. తెలుగులో చదువుకునే వీలు బహు తక్కువగా ఉన్న నిజాం రాజ్యంలో, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు పూనుకుని పెట్టిన గ్రంథాలయం అది. తెలుగు పుస్తకం కోసం తిరుగుతున్నవారు అక్కడ అడగకుండా వెనక్కి రావద్దు. పాత పత్రికల మీద పరిశోధన చేసేవారు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రాన్నీ జాబితాలో చేర్చుకోండి.

మెట్రోలో వెళ్లేవారికి ఒక సౌకర్యం ఉంది. చిక్కడపల్లి, సుల్తాన్ బజార్, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మూడూ ఆకుపచ్చ లైను మీదే ఉన్నాయి. చివరి స్టేషన్‌లో దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. ఉదయం బయలుదేరితే ఒకే రోజులో మూడు గ్రంథాలయాలూ చూసి రావచ్చు.

మొదటి రోజు సభ్యత్వం తీసుకోకండి

లోపలికి వెళ్లి చదువుకోవడానికి సభ్యత్వం అక్కరలేదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికే అది కావాలి. అందుకని మొదటి రోజు గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాసి, ఊరికే ఒక గంట కూర్చోండి. గోడ మీద వేళల బోర్డు ఉంటుంది, దాన్ని ఫోనుతో ఫొటో తీసుకోండి. వారపు సెలవు ఏ రోజో ముఖ్యంగా చూసుకోండి, ఎందుకంటే ఆదివారం సెలవనుకుని మానేసేవారు, తీరా సెలవు రోజున వచ్చి తలుపు చూసి వెళ్లేవారు ఇద్దరూ ఎక్కువే. ఆ తర్వాత మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఫ్యాను కింద సీటు, ఫోను ఛార్జింగు సంగతి గమనించండి. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ ఆడపిల్లలు ఒక గ్రంథాలయానికి రోజూ వస్తారా లేదా అన్నది ఈ చిన్న విషయాల మీదే ఆధారపడుతుంది. మహిళలకు విడిగా గదో, వరుసో ఉందేమో అడగండి.

సొంత పుస్తకాలు లోపలికి తీసుకెళ్లవచ్చా లేదా అన్నది హాలును బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల సంచి బయట పెట్టి టోకెన్ తీసుకోవాలి. సంచిలో డబ్బు, ల్యాప్‌టాప్ వదిలిపెట్టకండి.

నచ్చితే రెండోసారి వచ్చినప్పుడు సభ్యత్వం తీసుకోండి. ఫొటోలు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు, ఇప్పుడు ఉంటున్న చిరునామాకు రుజువు పట్టుకెళ్లండి. హాస్టల్‌లో ఉంటూ ఆధార్ మీద సొంతూరి చిరునామా ఉన్నవారు ఇక్కడే ఆగిపోతారు. వెనక్కి తిరగకండి. హాస్టల్ యజమాని ఇచ్చిన రశీదు గానీ, కాలేజీ ఇచ్చిన ధ్రువపత్రం గానీ, ఆ ప్రాంతంలో ఉండే ఒకరి హామీ సంతకం గానీ సరిపోతుందా అని అడగండి. కట్టే సొమ్ములో కొంత రుసుము, కొంత డిపాజిట్ ఉంటుంది. డిపాజిట్ తిరిగి వచ్చే డబ్బు, దాని రశీదును ఇంట్లో ముఖ్యమైన కాగితాలతో కలిపి పెట్టుకోండి.

అంకెలతో పుస్తకం వెతకడం

చాలా మంది బీరువాల ముందు నిలబడి ఒక్కో పేరూ చదువుకుంటూ పోతారు. అరగంట గడిచాక విసుగొచ్చి వెళ్లిపోతారు. పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీలో అంకె ఉంటుంది, అది చదవడం నేర్చుకుంటే ఐదు నిమిషాల పని. మన దగ్గర ఎక్కువగా వాడే డ్యూయీ పద్ధతిలో ప్రపంచంలోని విషయాలన్నింటినీ పది గంపలుగా విడదీశారు. 300ల్లో సమాజం, చట్టం, ఆర్థికం. 500ల్లో లెక్కలు, సైన్సు. 600ల్లో చేతి పనులు, వైద్యం, వ్యవసాయం. 800ల్లో సాహిత్యం. 900ల్లో చరిత్ర, భూగోళం.

బతుకుతెరువు కోసం ఏదైనా నేర్చుకోవాలనుకునేవారు ఈ అంకెలు ఫోనులో రాసి పెట్టుకోండి: ఇంగ్లిషు మాట్లాడటం 428, కంప్యూటర్ 004 నుంచి 006 వరకు, వ్యవసాయం 630, తేనెటీగల పెంపకం 638, వంట 641.5, కుట్టుపని 646, ఉద్యోగ దరఖాస్తులు, ఇంటర్వ్యూలు 650.14, ఖాతాలు రాయడం 657, ఫొటోగ్రఫీ 770. తెలుగు భాష, వ్యాకరణం 494.827 దగ్గర. తెలుగు సాహిత్యం 894.827, దాని చివర 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథలు, నవలలు.

చిన్న శాఖల్లో అంకెల వరుస చెదిరి ఉండవచ్చు. అప్పుడు కోపం తెచ్చుకోకుండా పక్క అర కూడా చూడండి. చూసిన పుస్తకాన్ని మీరే బీరువాలో పెట్టేయకండి, బల్ల మీద వదిలేయండి. తప్పు చోట పెట్టిన పుస్తకం మళ్లీ ఎవరికీ దొరకదు, పోయినట్టే లెక్క.

గ్రంథపాలకుణ్ణి అడగడం

గ్రంథాలయంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి కౌంటర్ వెనక కూర్చుని ఉంటారు. మనం ఆయనతో "సార్, సంతకం ఎక్కడ పెట్టాలి" అని తప్ప మరో మాట మాట్లాడం. ఇదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

అడిగేటప్పుడు పుస్తకం పేరు కాదు, మీ అవసరం చెప్పండి. ఒకసారి నేను ఒక శాఖా గ్రంథాలయంలో "మేడమ్, ఉర్దూ-తెలుగు నిఘంటువు ఉందా?" అని అడిగాను. లేదన్నారామె. తిరిగి వెళ్లబోతుంటే, "ఎందుకమ్మా, దేనికి కావాలి?" అని ఆమే అడిగారు. ఇంట్లో ఉన్న పాత దస్తావేజులో కొన్ని మాటలు అర్థం కావడం లేదని చెప్పాను. "అయితే నిఘంటువు కాదు, రెవెన్యూ పదకోశం కావాలి నీకు" అని లోపలి గదిలోంచి అట్ట ఊడిన సన్నని పుస్తకం తెచ్చి ఇచ్చారు. పట్టా, పహాణీ, మక్తా, ఇనాం లాంటి మాటలన్నీ అందులో ఉన్నాయి. నేను ముందే అవసరం చెప్పి ఉంటే ఆమె అడగవలసిన పనే ఉండేది కాదు.

రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. మీరు ఇప్పటికే ఏం చూశారో చెప్పండి. "ఇక్కడ లేకపోతే ఎక్కడ దొరుకుతుంది?" అన్న ప్రశ్నను మాత్రం మరిచిపోవద్దు. పాత ప్రభుత్వ కాగితాలైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపుతారు. పెద్ద చదువుల పుస్తకాలైతే ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం పేరు చెబుతారు. ఆ ఒక్క మాట మీకు నాలుగు రోజుల తిరుగుడు తప్పిస్తుంది.

ఉద్యోగ పరీక్షలకు చదివేవారికి

అశోక్ నగర్ గదుల్లో ఉంటూ చిక్కడపల్లిలో చదివేవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆ ఆవరణలో చెట్ల నీడ ఎటువైపు ఎప్పుడు పడుతుందో కూడా వాళ్లకే తెలుసు. కొత్తగా వచ్చినవారికి మాత్రం రెండు మాటలు. పుస్తకాలన్నీ కొనకండి. తెలుగు అకాడమీ పుస్తకాలు, యోజన మాసపత్రిక, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్, పాత ప్రశ్నపత్రాలు గ్రంథాలయంలో చూసి, పదే పదే తిరగేయవలసి వచ్చినవే కొనుక్కోండి. రెండోది, కోచింగుకు డబ్బు కట్టే ముందు రాష్ట్ర ప్రభుత్వం నడిపే టీ-శాట్ నిపుణ ఛానల్ పాఠాలు ఒక నెల వినండి. అవి ఉచితం, తెలుగులో ఉంటాయి. పగలు హాల్లో చదివిన విషయం మీద రాత్రి గదిలో పాఠం వినడం మంచి జోడీ. పక్కన చదువుకునేవారికి ఇబ్బంది లేకుండా ఇయర్‌ఫోన్స్ ఉంటే హాల్లోనే వినవచ్చు.

కంప్యూటర్ దగ్గర

కంప్యూటర్లు ఉన్న గ్రంథాలయంలో మీ వంతు వచ్చినప్పుడు చేయదగ్గవి చాలా ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో పాఠశాల పుస్తకాల నుంచి పరిశోధన పత్రాల దాకా వెతకవచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం, ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి. డిగ్రీ మధ్యలో ఆగిపోయినవారికి, ఉద్యోగం చేస్తూ ఏదైనా నేర్చుకోవాలనుకునేవారికి ఇవి నిజంగా అక్కరకొస్తాయి.

పాత తెలుగు పుస్తకాలకైతే ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే వెబ్‌సైటు చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద మన దేశంలోని గ్రంథాలయాల్లో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు అక్కడ ఉన్నాయి. ఆ పనిలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి పెద్ద పాత్ర ఉంది. ఒక చిక్కు మాత్రం ఉంది: చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో తీరులో ఎక్కించారు. "చరిత్ర" అన్న మాటలోనే "త్ర"కు ఒకరు "టీ" ఒక్కటే రాస్తే, ఇంకొకరు "హెచ్" కూడా కలిపారు, మరొకరు మొదటి అక్షరాన్నే "సి" ఒక్కదానితో సరిపెట్టారు. అందుకని పుస్తకం దొరక్కపోతే లేదనుకోకండి. రకరకాలుగా రాసి చూడండి, రచయిత ఇంటిపేరుతో చూడండి, ప్రచురించిన ఏడాదితో చూడండి. నేను నాలుగో ప్రయత్నంలో దొరికించుకున్న పుస్తకాలు చాలా ఉన్నాయి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. అది దాటిన పుస్తకాలను నిశ్చింతగా దింపుకోవచ్చు.

పదిమంది వాడే కంప్యూటర్ కాబట్టి ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని అడిగితే వద్దనండి. ఉద్యోగ దరఖాస్తు కోసం ఆధార్, మెమోలు దింపినవారు లేచే ముందు డౌన్‌లోడ్స్‌లోంచి, ఆ తర్వాత రీసైకిల్ బిన్‌లోంచి కూడా వాటిని తుడిచేయండి. మెయిల్ లాగౌట్ చేయండి. ఒకసారి ఒక గ్రంథాలయంలో నా ముందు కూర్చున్న అబ్బాయి పదో తరగతి మెమో, కులధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ మూడూ తెర మీద అలాగే ఉన్నాయి. వాటిని తుడిచేసి కూర్చున్నాను గానీ, నా స్థానంలో ఎవరైనా ఉండవచ్చు కదా.

పిల్లలను తీసుకెళ్లేటప్పుడు

వేసవి సెలవుల్లో కొన్ని గ్రంథాలయాల్లో కథలు చెప్పడం, బొమ్మలు గీయడం, చదివించడం వంటి శిబిరాలు పెడతారు. ఏప్రిల్ మొదట్లోనే వెళ్లి అడగండి. సెలవులు ఇచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, అప్పుడు పుస్తక ప్రదర్శనలు, వ్యాసరచన, వక్తృత్వ పోటీలు ఉంటాయి. పోటీల వివరాలు చాలాసార్లు నోటీసు బోర్డు మీద రెండు మూడు రోజుల ముందు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి అక్టోబరు చివర ఒకసారి కనుక్కోవడం మేలు.

పిల్లలు ఏ పుస్తకం తీసినా మీరు "ఇది కాదు, అది తీసుకో" అనకండి. బొమ్మల పుస్తకం పదోసారి తీసినా తీయనివ్వండి. మా ఇంటికి దగ్గర్లోని ఒక గ్రంథాలయంలో పిల్లల పుస్తకాల బీరువాకు తాళం ఉండేది, పిల్లలు చింపేస్తారని. నేను వెళ్లిన ప్రతిసారీ "సార్, తాళం తీస్తారా, మేం ఇక్కడే కూర్చుని చదివించి తిరిగి పెట్టేస్తాం" అని అడుగుతూ వచ్చాను. మొదట ఆయన లేచి తాళం తీసి, మేం వెళ్లేదాకా అక్కడే నిలబడేవారు. రెండు నెలల తర్వాత తాళం చెవి నా చేతికే ఇచ్చారు. ఆ తర్వాత తాళం వేయడమే మానేశారు. చినిగిన పుస్తకాలు రెండో మూడో ఉన్నాయి, వాటిని పిల్లలే టేపుతో అతికించారు.

కంటిచూపు లేనివారికి

అచ్చు పుస్తకం చదవలేనివారి కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. వినగలిగే, తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వాడుకోగలిగే రూపాల్లో మన దేశ భాషల పుస్తకాలు అందులో ఉంటాయి. సభ్యత్వానికి వైకల్య ధ్రువపత్రం అవసరమవుతుంది. ఇంట్లో పెద్దవారో, పక్కింటి విద్యార్థో ఉంటే, గ్రంథాలయ కంప్యూటర్ దగ్గర కూర్చుని వారి పేరు నమోదు చేసి పెట్టండి. గంట పని.

లేనిదాన్ని రప్పించడం

కావలసిన పుస్తకం లేకపోతే సూచనల రిజిస్టరు అడిగి అందులో రాయండి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, ధర నాలుగూ ఉండాలి. "మంచి నవలలు తెప్పించండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మీతో పాటు మరో నలుగురు అదే పుస్తకం రాస్తే దానికి బరువు పెరుగుతుంది. రాష్ట్రాల గ్రంథాలయాలకు పుస్తకాలతో తోడ్పడటానికి 1972లో కలకత్తాలో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం కూడా ఉంది. పుస్తకాలు కొనడానికి దారులున్నాయి, అడిగేవారు కావాలి.

కార్యక్రమాన్నీ అలాగే అడగవచ్చు. శనివారం సాయంత్రం గంటసేపు కథల కూడిక గానీ, పెద్దవారికి ఫోనులో డబ్బు పంపడం, మోసాల నుంచి జాగ్రత్తపడటం నేర్పే పాఠం గానీ పెట్టాలనుకుంటే, ఐదుగురు కలిసి ఒక పేజీ అర్జీ రాయండి. ఏ రోజు, ఎంతసేపు, ఎవరు నేర్పుతారు, ఎంతమంది వస్తారు, కుర్చీలు సర్ది ఊడ్చే బాధ్యత ఎవరిది అన్నవి స్పష్టంగా ఉండాలి. చివరిది తప్పక రాయండి, అనుమతి ఇచ్చేవారి మనసులో మొదట వచ్చే సందేహం అదే. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. శాఖలో తేల్చలేని విషయమైతే చిక్కడపల్లిలోని నగర గ్రంథాలయ సంస్థ కార్యాలయానికి పంపమని కోరండి.

వేళలు పాటించకపోవడం, హాలు ఉన్నా తెరవకపోవడం వంటివి మాటలతో తేలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ప్రజల కోసం నడిపే గ్రంథాలయం, పఠన మందిరం పనివేళలను కూడా ప్రభుత్వ సంస్థలు తమంతట తామే ప్రకటించాలని దాని నాలుగో సెక్షన్ చెబుతుంది. కానీ అక్కడిదాకా వెళ్లే ముందు రెండుసార్లు మర్యాదగా అడగండి. తక్కువ మంది సిబ్బందితో నడిచే శాఖల్లో పుస్తకాలు ఇచ్చేదీ, తీసుకునేదీ, తలుపు తీసేదీ ఒకే మనిషి కావచ్చు.

పుస్తకాలు దానం చేయాలనుకుంటే సంచి నింపుకుని నేరుగా వెళ్లకండి. ముందు జాబితా చూపించండి. పదేళ్ల నాటి కరెంట్ అఫైర్స్, మారిపోయిన సిలబస్ గైడ్లు వారికి భారం. పిల్లల కథలు, నిఘంటువులు, మంచి స్థితిలో ఉన్న నవలలు అయితే చేతులు చాచి తీసుకుంటారు.

నగరం వదిలి వెళ్లేటప్పుడు తెచ్చుకున్న పుస్తకాలు, కార్డు తిరిగి ఇచ్చి, రశీదు చూపించి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. ఆ డబ్బు మీకు అక్కరలేదనిపిస్తే సూచనల రిజిస్టరు ఒకసారి తెరవండి. అక్కడ ఎవరో పేరు, రచయిత, ధర అన్నీ రాసి ఎదురుచూస్తున్న పుస్తకం ఒకటి ఉంటుంది. కోఠీ ఫుట్‌పాత్ మీద అది దొరికితే కొని కౌంటర్‌లో ఇచ్చి వెళ్లండి.